మీకు తెలుసా? మతిమరుపు డాక్టరు గదిలో సంగతులు

తల ఎటు తిరిగింది?

"పొద్దున ఏం తిన్నారమ్మా?" అని డాక్టరు అడుగుతారు. పెద్దావిడ నోరు తెరవదు. పక్కన కూర్చున్న కూతురి వైపు తల తిప్పుతుంది. "ఉప్మా కదమ్మా" అని కూతురు అందిస్తుంది. "ఆఁ, ఉప్మా" అంటుంది ఆవిడ. చూసేవాళ్లకి అది తల్లీకూతుళ్ల ముచ్చట. మెమరీ క్లినిక్‌లో కూర్చున్న న్యూరాలజిస్టు మాత్రం కాగితం మీద ఒక టిక్కు పెట్టుకుంటారు. ప్రశ్న తనకి వేస్తే జవాబు కోసం పక్కవాళ్ల వైపు చూడటానికి వైద్యంలో పేరే ఉంది, తల తిప్పే గుర్తు అని. రక్తం తీయలేదు, స్కానింగ్ తీయలేదు, పరీక్షలో మొదటి అంకం కుర్చీలోనే అయిపోయింది.

దీనికి జోడీగా ఇంకో గుర్తుంది. ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని రమ్మని చెప్పినా ఒంటరిగా వచ్చిన మనిషికి డిమెన్షియా, అంటే తెలివి, జ్ఞాపకం సన్నగిల్లే జబ్బు, ఉండే అవకాశం బాగా తక్కువ. ఫలానా రోజు గ్యాస్ కట్టేయడం మర్చిపోయాను, ఫలానా పెళ్లిలో బావగారి పేరు గుర్తు రాలేదు అని తన మరుపుల చిట్టా తేదీలతో సహా విప్పేవాళ్లని పట్టి పీడిస్తున్నది చాలాసార్లు దిగులో, నిద్రలేమో అయి ఉంటుంది. మర్చిపోయానని గుర్తున్న మనిషి వేరు, మర్చిపోయిన సంగతే తెలియని మనిషి వేరు.

అయితే ఇవి గుర్తులే, తీర్పులు కావు. పైగా మన దగ్గర ఒక చిక్కుంది. ప్రశ్న నాన్నగారికి వేస్తే జవాబు కొడుకు చెప్పేస్తాడు. పాపం, తల తిప్పే వ్యవధి కూడా ఇవ్వడు.

గడియారంలో పదకొండూ పదే ఎందుకు?

తెల్లకాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటారు. ఆ టైమే ఎందుకంటే, అందులో ఒక ఉచ్చు ఉంది. "పది" అనే మాట చెవిన పడగానే ముల్లు పది అంకె వైపు లాగుతుంది. ఆ లాగుడుని ఆపుకుని, పది నిమిషాలంటే రెండు అంకె దగ్గర కదా అని ముల్లుని అటు మళ్లించాలి. ఆ ఆపుకోవడం మెదడు ముందుభాగం పని. అక్కడ దెబ్బ తగిలినవాళ్లు ఒక ముల్లు పదకొండు మీద, ఇంకో ముల్లు పది మీద పెట్టేసి నిశ్చింతగా పెన్సిలు కింద పెడతారు. ఇంకొందరు పన్నెండు అంకెల్నీ ఒక పక్కకే ఇరికించేస్తారు. ఒక్క బొమ్మలో చూపు, లెక్క, ప్లాను, చేతి అదుపు అన్నీ బయటపడతాయి.

ఖడ్గమృగం తెలియకపోతే డిమెన్షియానా?

ప్రపంచమంతా వాడే పరీక్షల్లో ఒకటి 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి అమెరికాలో తయారుచేసిన 30 మార్కుల పరీక్ష. ఇంకోటి 2005లో కెనడాలోని మాంట్రియల్ నుంచి నస్రెద్దీన్ అనే డాక్టరు ప్రచురించింది. అదీ 30 మార్కులదే. 26 వస్తే గట్టెక్కినట్టు. అందులో మూడు జంతువుల బొమ్మలు చూపించి పేర్లడుగుతారు: సింహం, ఖడ్గమృగం, ఒంటె.

ఇప్పుడు పుట్టి బుద్ధెరిగాక బడి మొహం చూడని, కలుపు తీస్తూ, నాట్లు వేస్తూ బతికిన ఒక అవ్వని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. ఖడ్గమృగాన్ని ఆవిడ ఎక్కడ చూసింది? చేతికి పెన్సిలిస్తే గడియారం సంగతి తర్వాత, గుండ్రంగా గీత గీయడమే కొత్త. నూటిలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే తెల్లమొహం వేస్తుంది. కానీ ఎవరింటికి ఎన్ని కూలి రోజులు వెళ్లిందో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో నోటి లెక్క అడగండి, తడుముకోదు. ఇవాళ తారీఖెంత అంటే తెలియదంటుంది. అమావాస్య వెళ్లి ఎన్నాళ్లయిందంటే చెబుతుంది. ఆ పరీక్ష ఆవిడ జ్ఞాపకాన్ని కొలవడం లేదు, బడికి వెళ్లిందా లేదా అని కొలుస్తోంది. మాంట్రియల్ పరీక్షలో చదువు తక్కువైన వాళ్లకి ఒక మార్కు కలిపే వీలుంది గానీ, అసలు చదువే లేనిచోట ఆ ఒక్క మార్కు ఏ మూలకి?

ఈ చిక్కుని మన దేశంలో ముందుగా గట్టిగా పట్టుకున్నది హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసినవాళ్లు. 1990ల్లో వాళ్లు అమెరికా పరీక్షని నిరక్షరాస్యుల కోసం హిందీలో తిరగరాశారు. అసలు పరీక్షలో కాగితం మీద "కళ్లు మూసుకోండి" అని రాసి చదివి అలా చేయమంటారు. వీళ్లు దాన్ని తీసేసి "నా మొహం చూసి నేనేం చేస్తే అదే చెయ్యండి" అని తాము కళ్లు మూసి చూపించారు. ఒక వాక్యం రాయమనే చోట మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. చిన్న మార్పుల్లా కనిపిస్తాయి గానీ, రోగం లేనివాళ్లని రోగుల్లో కలపకుండా కాపాడేవి అవే.

తెలుగులోనూ ఈ పని జరిగింది. కేంబ్రిడ్జ్‌లోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి పేరుతో ఉన్న పెద్ద పరీక్షని హైదరాబాద్ నిమ్స్‌లోని మెమరీ క్లినిక్ వాళ్లు తెలుగుకి మలిచి వాడారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళంలో పనికొచ్చేలా ఒక పరీక్షల పెట్టె తయారుచేయించింది. అనువాదం చేస్తే సరిపోయే పని కాదది. పదాల జాబితా గుర్తుపెట్టుకోమన్నప్పుడు ఆ పదం మన చెవికి ఎంత అలవాటైనదో, ఎన్ని అక్షరాలదో, నోట్లో ఎంతసేపు నిలుస్తుందో చూసుకోవాలి. ఇంగ్లీషులో ఒక్క ఊపిరికి అయిపోయే మాటకి తెలుగులో నాలుగైదు అక్షరాలు పట్టొచ్చు మరి.

రెండు భాషల పుణ్యం

నిమ్స్ క్లినిక్ పేరు ప్రపంచ వైద్య పత్రికలకెక్కింది వేరే కారణానికి. హైదరాబాద్‌లో పాలవాడితో తెలుగు, దర్జీతో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడటం వింతేమీ కాదు. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఆ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తిరగేసింది. వారిలో 391 మంది రెండో అంతకంటే ఎక్కువో భాషలు మాట్లాడేవాళ్లు. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. 2013లో ఇది అచ్చయింది.

అంతకుముందు కెనడాలోనూ ఇలాంటి మాటే వచ్చింది. అప్పుడు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు, ఆ తేడా వలసది కాదని ఏమిటి నమ్మకం? హైదరాబాద్‌లో ఆ గొడవ లేదు. పుట్టి పెరిగిన ఊళ్లోనే రెండు భాషలు. అసలు బలమైన సంగతి ఇంకోటుంది. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే బడి చదువు చేసిన మేలుని భాష ఖాతాలో వేశారని కొట్టిపారేయడానికి లేదు. మూడో భాష, నాలుగో భాష వస్తే అదనపు లాభం మాత్రం కనిపించలేదు. రెండు చాలు. తర్వాత అదే నగరంలో పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, రెండు భాషలవాళ్లలో తెలివితేటలు చెక్కుచెదరకుండా మిగిలినవాళ్లు ఒక్క భాషవాళ్లకి రెట్టింపు పైనే.

ఇలాంటి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పవు, ఫలితం తేలనివీ ఉన్నాయి. అయినా నాకు ముచ్చటేసేది ఒకటే. మన వీధుల్లో ఎవరూ గొప్పగా చెప్పుకోని ఈ కలగాపులగం మాటల్లోంచి అంత పెద్ద ప్రశ్నకి ఆధారం దొరకడం.

ఆ 648 మందిలో అల్జీమర్స్ ఎందరికి?

240 మందికి. సగం కూడా లేరు. డిమెన్షియా, అల్జీమర్స్ రెండూ ఒకటేనని అనుకునేవాళ్లకి ఈ అంకె చూపించాలి. 189 మందికి మెదడు రక్తనాళాల దెబ్బ వల్ల వచ్చింది. అంటే బీపీ, షుగరు వెనకనుంచి చేసిన పని. 116 మందికి మెదడు ముందుభాగం, కణతల భాగం క్షీణించే రకం. ఇందులో మొదట పోయేది జ్ఞాపకం కాదు, మర్యాద. నలుగురిలో నెమ్మదస్తుడనిపించుకున్న మనిషి పెళ్లి భోజనాల్లో పక్కవాడి విస్తట్లో లడ్డూ తీసుకుంటాడు. ఇంట్లో చావు జరిగినా కన్ను తడవదు. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరంటారు, పిచ్చంటారు. యాభైల్లోనే వస్తుంది కాబట్టి ఎవరికీ డిమెన్షియా అని తట్టదు.

ఇంకో 55 మందికి ల్యూయీ అనే శాస్త్రవేత్త పేరుతో పిలిచే రకం. గదిలో పిల్లలు ఆడుకుంటున్నట్టు, మంచం కింద కుక్కపిల్ల ఉన్నట్టు స్పష్టంగా కనబడతాయి. మన ఊళ్లలో ఇలాంటివాళ్లని గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోవడం తెలిసిందే. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది. ఆ భ్రమలు తగ్గడానికని మామూలు మానసిక వ్యాధుల మందు చిన్న మోతాదులో వేసినా కొందరు కట్టెలా బిగుసుకుపోతారు. జబ్బు రకం తేల్చడానికి క్లినిక్ వాళ్లు అంత సమయం తీసుకునేది అందుకే. మిగిలిన 48 మందివి కలగలుపు కేసులు.

మందుబిళ్లతో తిరిగొచ్చే జ్ఞాపకం

క్లినిక్‌కి వెళ్లిన మొదటి రోజే రక్తపరీక్షల చీటీ చేతిలో పెడతారు. బీ12 విటమిన్, థైరాయిడ్, షుగరు, సోడియం, కిడ్నీ, కాలేయం. మెదడు జబ్బుకి ఇవన్నీ ఎందుకని విసుక్కునేవాళ్లున్నారు. ముందు వెతకాల్సింది నయమయ్యే కారణాలని. అల్జీమర్స్ ఎలాగూ ఎక్కడికీ పోదు.

బీ12 మాంసం, చేప, గుడ్డు, పాలల్లోనే దొరుకుతుంది. ఆకుకూరలు ఎన్ని తిన్నా రాదు. పాలు కూడా మానేసిన శాకాహారులు, ఏళ్లతరబడి షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, పొద్దున్నే పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకోవడం అలవాటైపోయినవాళ్లు ఈ లోటుకి దగ్గరి చుట్టాలు. అరికాళ్ల తిమ్మిరితో పాటు మతిమరుపు ఉంటే అనుమానం బలపడుతుంది. త్వరగా పట్టుకుంటే కొన్ని ఇంజెక్షన్లతో సరి.

ఒక పెద్దాయన బాత్రూములో జారితే తల గోడకి కొట్టుకుంటుంది. పైకి దెబ్బ లేదు, అందరూ మర్చిపోతారు. మూడు వారాల తర్వాత ఆయన మగతగా ఉంటాడు, మాట తడబడుతుంది, మనుషుల్ని పోల్చుకోడు. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి పుర్రెకి, మెదడుకి మధ్య సిరలు లాగబడి ఉంటాయి. చిన్న కుదుపుకి తెగి రక్తం బొట్టుబొట్టుగా చేరుతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లలో ఇంకా సులువు. పుర్రెకి చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని బయటికి తీసేస్తే, కొద్దిరోజుల్లో మనుమణ్ణి పేరు పెట్టి పిలిచే మనిషి ఇంటికొస్తాడు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించేది మెదడులో నీరు చేరే జబ్బు. మూడు లక్షణాలు కలిసి వస్తాయి. పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నడక, మూత్రం ఆపుకోలేకపోవడం, మందగించిన ఆలోచన. ఈ మూడూ ముసలితనానికి మనం కట్టబెట్టేవే కదా! కొలంబియాలోని బొగోటాకి చెందిన సాలమన్ హకీం అనే న్యూరోసర్జన్ దీన్ని గుర్తించి 1965లో లోకానికి చెప్పాడు. దీని పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. ముందు రోగిని నడిపించి వీడియో తీస్తారు. వెన్నులోంచి ముప్పై నుంచి యాభై మిల్లీలీటర్ల నీరు తీస్తారు. మళ్లీ నడిపిస్తారు. అడుగు తేలిగ్గా పడితే, తలలోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేసి ఆ నీటికి దారి చూపిస్తారు. ముందు బాగుపడేది నడక. మతిమరుపు అంత త్వరగా లొంగదు.

ఇక మందులే మతి పోగొట్టడం. జలుబుకి వేసే పాతకాలపు బిళ్లలు, కొన్ని నిద్రమాత్రలు, మూత్రం ఆపుకోవడానికి ఇచ్చేవి కొన్ని, మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. జ్ఞాపకానికి కావలసినదే అది. ఇందులో ఒక తమాషా మెలిక ఉంది. మతిమరుపుకి ఇచ్చే డోనెపెజిల్ ఆ రసాయనాన్ని పెంచుతుంది, దాంతో కొందరికి మూత్రం ఆగదు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే మూత్రానికి బిళ్ల రాస్తారు. అది అదే రసాయనాన్ని అడ్డుకుంటుంది. బండికి ముందొక ఎద్దు, వెనకొక ఎద్దు కట్టినట్టు. రెండు బిళ్లలకీ డబ్బులిచ్చేది మాత్రం ఒక్కరే.

ఒక్క పూట మాయం

పొద్దున తోటలో పనిచేసి వచ్చిన అరవై ఏళ్ల మనిషి హఠాత్తుగా "నేనిక్కడికి ఎప్పుడొచ్చాను?" అంటాడు. చెబుతారు. రెండు నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. పేరు తెలుసు, పెళ్లాన్ని గుర్తుపడతాడు, కానీ కొత్తది ఏదీ నిలవదు. సాయంత్రానికి తేరుకుంటాడు. ఆ పూట మాత్రం ఎప్పటికీ తిరిగి రాదు. ఒకటి రెండు రోజుల తర్వాత ఎంఆర్ఐ తీస్తే మెదడులో జ్ఞాపకాల భాగమైన హిప్పోకాంపస్‌లో చిన్న చుక్క కనబడొచ్చు. చాలామందికి జన్మలో ఒక్కసారే వస్తుంది. అయినా ఇది పక్షవాతమో మూర్ఛో కాదని తేల్చాల్సింది ఆసుపత్రిలోనే, ఇంట్లో కూర్చుని కాదు.

అల్జీమర్స్ మొదటి రోగికి వయసెంత?

51. ఆగుస్టె డేటర్ అనే ఆవిడని 1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేర్చారు. జబ్బు మొదట బయటపడింది మరుపుగా కాదు, భర్త మీద అనుమానంగా. డాక్టర్ అలోయిస్ అల్జీమర్ రోజూ పక్కన కూర్చుని ఆవిడ జవాబుల్ని పొల్లుపోకుండా రాసుకున్నాడు. మధ్యాహ్నం కాలీఫ్లవరూ పంది మాంసమూ తింటుండగా ఏం తింటున్నారని అడిగితే పాలకూర అంది. 1906 ఏప్రిల్‌లో ఆవిడ పోయింది. అప్పటికే మ్యూనిక్ వెళ్లిపోయిన అల్జీమర్ మెదడు తెప్పించుకుని సూక్ష్మదర్శిని కింద చూసి, ఆ నవంబరు 3న టూబింగెన్ సభలో చెప్పాడు. ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. 1910లో ఆయన పై అధికారి క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకి అల్జీమర్ పేరు పెట్టాడు. పోయిందనుకున్న ఆవిడ కేసు ఫైలు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికింది. అల్జీమర్ ప్రశ్నలు, ఆవిడ జవాబులు, సగం రాసి వదిలేసిన ఆవిడ పేరు అందులో ఉన్నాయి.

తెల్లపువ్వులోంచి మందు

ఇప్పుడు వాడే మందుల్లో గాలంటమైన్ అనేది మంచు ఇంకా కరగకముందే పూసే స్నోడ్రాప్ జాతి మొక్కల నుంచి వచ్చింది. 1950ల్లో బల్గేరియాలో దాన్ని నరాల బలహీనతకి వాడారు. మతిమరుపుకి అమెరికాలో అనుమతి దొరికింది 2001లో. డోనెపెజిల్ జపాన్‌ది, 1996లో అమెరికాలోకి వచ్చింది. చర్మానికి అంటించుకునే పట్టీగా దొరికేది రివాస్టిగ్మైన్. ఈ మూడూ చేసేది ఒకే పని, మెదడులో అసిటైల్‌కోలిన్‌ని నిలిపి ఉంచడం. కుండలో నీరు తగ్గిపోతోంది, పైనుంచి ధార సన్నబడింది. ధార పెంచలేం కాబట్టి అడుగున చిల్లి మూస్తాం. కొన్నాళ్లు కుండ నిండుగానే ఉంటుంది. జబ్బు మాత్రం ఆగదు.

జబ్బు మూలాన్నే తాకే మందులు ఈ మధ్య వచ్చాయి. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ని తొలగించే లెకానెమాబ్‌కి 2023 జులైలో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. 1,795 మంది మీద చేసిన ప్రయోగంలో 18 నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించింది. పత్రికలు ఈ శాతాన్నే పెద్దక్షరాల్లో వేశాయి. అదే ఫలితాన్ని ఇంకోలా చెబితే, 18 పాయింట్ల కొలబద్ద మీద తేడా 0.45. ఇంట్లోవాళ్లకి ఆ తేడా తెలుస్తుందా లేదా అన్న దాని మీద డాక్టర్లలోనే వాదన నడుస్తోంది. మొదట్లో రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించాలి, మెదడు వాపో, రక్తపు చుక్కలో వస్తున్నాయేమోనని ఎంఆర్ఐలు తీస్తూ ఉండాలి. పైగా జబ్బు తొలిమెట్టులో ఉన్నవాళ్లకే. "ముసలితనం, వదిలేయండి" అనుకుంటూ మూడేళ్లు గడిపేసి వచ్చినవాళ్లకి ఆ తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది.

2025 మేలో అల్జీమర్స్ నిర్ధారణకి తోడ్పడే మొదటి రక్తపరీక్షకి కూడా అమెరికాలో అనుమతి వచ్చింది. అది లక్షణాలున్న వాళ్లకే. తాళంచెవి మర్చిపోయినవాళ్లు పరుగెత్తాల్సిన పరీక్ష కాదు. తాళం ఎక్కడ పెట్టామో గుర్తు లేకపోవడం మనందరి జబ్బే. తాళం చేతిలో పెట్టుకుని ఇది దేనికని అడిగితే అప్పుడు ఆలోచించాలి.

చెవిలో మిషను

డిమెన్షియాకి మార్చుకోగల కారణాలు అంటూ లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో 14 లెక్కపెట్టింది. అందులో వినికిడి లోపం ఉంది, ఆ ఏడాదే చూపు లోపాన్నీ చేర్చారు. శుక్లం ఆపరేషన్‌కి సరేననే పెద్దవాళ్లు చెవి మిషను మాట ఎత్తితే నామోషీ పడతారు. వినబడక జవాబు చెప్పని మనిషికి క్లినిక్‌లో కూడా మార్కులు పోతాయి సుమా.

రెండో కుర్చీ

మన దేశంలో అరవై దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంటుందని 2023లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం అంచనా. ప్రతి ఒక్కరి వెనకా కనీసం ఒక మనిషి ఉంటారు, మన ఇళ్లలో ఎక్కువసార్లు కోడలో, కూతురో, భార్యో. మంచి క్లినిక్‌లో వాళ్లకీ ఒక ప్రశ్నపత్రం ఉంటుంది. జారిట్ అనే మనస్తత్వవేత్త పేరుతో ఉన్న అందులో 22 ప్రశ్నలు. మీకంటూ సమయం మిగులుతోందా, కోపం వస్తోందా, ఆరోగ్యం చెడిందా. రోగిని బయట కూర్చోబెట్టి అడుగుతారు. ఆయన వింటుండగా ఎవరు నిజం చెబుతారు?

అపాయింట్‌మెంట్ దొరికితే వెంట తీసుకెళ్లాల్సినవి ఇవీ. ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ ఒక సంచిలో, పక్కింటివాళ్లు ఇచ్చిన చూర్ణంతో సహా. కళ్లజోడు, చెవి మిషను. ఎప్పుడు మొదలైంది, మెల్లగా పెరిగిందా మెట్టుమెట్టుగా దిగిందా అన్న వివరం. వింత ప్రవర్తన ఉంటే ఫోనులో వీడియో. అన్నిటికంటే ముఖ్యం, రోజూ ఆ ఇంట్లో ఉండే మనిషి. ఆదివారం వీడియో కాల్‌లో అరగంట మాట్లాడే డల్లాస్ కొడుక్కి నాన్న బాగానే ఉన్నట్టు కనబడతాడు. ఆ అరగంటా నాన్న బాగానే ఉంటాడు కూడా. ఫోను పెట్టేశాక "ఇందాక మాట్లాడింది ఎవరే?" అన్నది విన్నది అమ్మ ఒక్కతే.